ఒక్క ఓటుతో అధ్యక్షుడైన హేస్ ఇల్లు, మ్యూజియం: ఎవరు చూడాలి, ఏం తెలుసుకుని వెళ్లాలి

ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్‌కూ టొలీడోకూ నడుమ ఫ్రీమాంట్ అనే చిన్న పట్టణం ఉంది. అమెరికా 19వ అధ్యక్షుడు రూథర్‌ఫోర్డ్ బి. హేస్ నివసించిన ఇల్లు, ఆయన సమాధి, ఆయన పేరిట ఏర్పడిన మ్యూజియం, గ్రంథాలయం అన్నీ అక్కడ స్పీగెల్ గ్రోవ్ అనే ఒకే తోటలో, సుమారు 25 ఎకరాల ఆవరణలో ఉన్నాయి. 1916లో ప్రారంభమైన ఈ సంస్థ అమెరికాలో తొలి అధ్యక్ష గ్రంథాలయం. అయితే నేను దీన్ని చూడమని చెప్పడానికి ఆ ఘనత కారణం కాదు. వివాదంలో చిక్కుకున్న ఒక ఎన్నిక ఎలా తేలిందో, అలా దక్కిన పదవిని ఒక మనిషి ఎలా నిర్వహించాడో, ఆ పరిష్కారానికి ఎవరు బలయ్యారో శ్రద్ధగా ఆలోచించడానికి ఇంతకంటే తగిన చోటు నాకు కనిపించలేదు.

1876 ఎన్నిక సంగతి తెలియకుండా వెళితే మాత్రం ఇది ఒక సంపన్న కుటుంబం నివసించిన అందమైన పాత భవనంగానే కనిపిస్తుంది. ఆ ఏడాది నవంబరులో డెమొక్రాట్ అభ్యర్థి, న్యూయార్క్ గవర్నరు శామ్యూల్ టిల్డెన్‌కు దేశం మొత్తం మీద రిపబ్లికన్ అభ్యర్థి హేస్ కంటే సుమారు 2.5 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చాయి. కానీ అధ్యక్షుణ్ణి తేల్చేవి రాష్ట్రాల తరఫున ఎలక్టర్లు అనే ప్రతినిధులు వేసే ఎలక్టోరల్ ఓట్లు. గెలుపునకు అవి 185 కావలసి ఉండగా ఆయనకు నికరంగా 184 లభించాయి, హేస్‌కు 165. మిగిలిన 20 ఓట్ల మీదే తగాదా అంతా నడిచింది. అందులో లూసియానావి 8, దక్షిణ కెరొలైనావి 7, ఫ్లోరిడావి 4 కాగా ఒరెగాన్‌లో ఒక ఎలక్టరు పోస్ట్‌మాస్టరు ఉద్యోగంలో ఉన్నందున అతని అర్హత ప్రశ్నార్థకమైంది. దక్షిణాది మూడు రాష్ట్రాల నుంచీ పరస్పర విరుద్ధమైన ఫలితాల పత్రాలు వాషింగ్టన్‌కు చేరాయి. రిపబ్లికన్ల చేతిలో ఉన్న లెక్కింపు బోర్డులు డెమొక్రాట్ల ఓట్లను పెద్ద ఎత్తున కొట్టివేసిన మాట వాస్తవం. రిపబ్లికన్లకు ఓటు వేసే నల్లజాతివారిని డెమొక్రాట్ల మద్దతుదారులు తుపాకులతో బెదిరించి పోలింగుకు రాకుండా చేసిన మాట కూడా అంతే వాస్తవం. ఆ జూలైలోనే దక్షిణ కెరొలైనాలోని హాంబర్గ్‌లో నల్లజాతి సైనికదళ సభ్యులను పట్టుకుని చంపారు. కాబట్టి స్వేచ్ఛగా ఎన్నిక జరిగి ఉంటే ఎవరు గెలిచేవారన్న ప్రశ్నకు ఓట్ల లెక్క ఒక్కటే జవాబు చెప్పలేదు.

ఇలాంటి చిక్కును విప్పే విధానం రాజ్యాంగంలో స్పష్టంగా లేదు. 1877 జనవరి చివర అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ 15 మందితో ఒక ఎన్నికల కమిషన్‌ను నియమించింది. ఐదుగురు సెనేటర్లు, ఐదుగురు ప్రతినిధుల సభ సభ్యులు, ఐదుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు అందులో ఉండాలి. ఏ పార్టీకీ చెందనివాడని అందరూ నమ్మిన న్యాయమూర్తి డేవిడ్ డేవిస్ తీర్పరిగా ఉంటాడనుకుంటే, సరిగ్గా ఆ సమయంలోనే ఇల్లినాయి శాసనసభ ఆయనను సెనేట్‌కు ఎన్నుకోవడంతో ఆయన తప్పుకున్నాడు. ఆయన స్థానంలో రిపబ్లికన్ అయిన జోసెఫ్ బ్రాడ్లీ రావడంతో ప్రతి వివాదమూ 8-7 తేడాతో హేస్‌కు అనుకూలంగా తేలింది. మార్చి 2 తెల్లవారుజామున ఆయన 185-184తో గెలిచినట్టు ప్రకటించారు. మార్చి 4 ఆదివారం కావడంతో, 3వ తేదీ రాత్రే వైట్‌హౌస్ లోపల గుట్టుగా ప్రమాణం చేయించి, 5వ తేదీన బహిరంగంగా మళ్లీ చేయించారు. ఒక ప్రజాస్వామ్య దేశం తన అధ్యక్షుడి చేత చాటుగా ప్రమాణం చేయించవలసి రావడం ఆనాటి భయం ఎంతటిదో చెబుతుంది.

ఈ నేపథ్యంతో చూస్తే ఇల్లు మాట్లాడుతుంది. హేస్ మేనమామ సార్డిస్ బిర్చర్డ్ 1859లో కట్టించడం మొదలుపెట్టిన ఈ భవనాన్ని హేస్ తర్వాత రెండుసార్లు పెంచాడు. ఇప్పుడు అందులో 31 గదులు ఉన్నాయి. లోపలికి గైడు వెంటే వెళ్లాలి, అదే మంచిది కూడా. కుటుంబం వాడిన సామాను మధ్య తిరుగుతున్నప్పుడు ప్రశ్నలు పుట్టుకొస్తాయి, జవాబు చెప్పే మనిషి పక్కన ఉండాలి. ఆవరణ ప్రవేశాల దగ్గర ఉన్న ఇనుప గేట్లు ఒకప్పుడు వైట్‌హౌస్‌వి. హేస్, ఆయన భార్య లూసీ తోటలోనే సమాధి అయ్యారు.

ఇక హేస్ పాలన విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వ్యక్తిగా ఆయన నిజాయితీపరుడు. ఒకే పదవీకాలం ఉంటానని నామినేషన్‌ను అంగీకరించేటప్పుడే మాట ఇచ్చి నిలబెట్టుకున్నాడు. సొంత పార్టీ పెద్దలను ధిక్కరించి, వారి మనిషైన చెస్టర్ ఆర్థర్‌ను న్యూయార్క్ కస్టమ్స్ హౌస్ (దిగుమతి సుంకాల కార్యాలయం) అధికారి పదవి నుంచి 1878లో తొలగించాడు. నల్లజాతివారి ఓటు హక్కును కాపాడే సమాఖ్య చట్టాలను డెమొక్రాట్లు బడ్జెట్ బిల్లులకు షరతులు తగిలించి రద్దు చేయబోతే మళ్లీ మళ్లీ వీటో చేశాడు. అయినా 1877 ఏప్రిల్‌లో దక్షిణ కెరొలైనా రాజధాని కొలంబియాలో, లూసియానాలోని న్యూ ఆర్లియన్స్‌లో శాసనసభా భవనాల దగ్గర రిపబ్లికన్ ప్రభుత్వాలకు అండగా ఉన్న సమాఖ్య సైనికులను వెనక్కి రప్పించింది కూడా ఆయనే. దానితో ఆ రెండు రాష్ట్రాల్లో మిగిలిన చివరి రిపబ్లికన్ ప్రభుత్వాలు కూలిపోయాయి. ప్రతినిధుల సభ సైన్యానికి నిధులు ఆపేసిందని, ఉత్తరాది ప్రజలు కూడా విసిగిపోయారని, హేస్‌కు ముందు అధ్యక్షుడైన గ్రాంట్ పాలన చివరికే ఆ ప్రభుత్వాలకు సమాఖ్య మద్దతు సడలిందని చరిత్రకారులు చెప్పే మాటలు నిజమే. కానీ నల్లజాతివారి హక్కులను కాపాడతామని దక్షిణాది నాయకులు ఇచ్చిన హామీలను హేస్ నమ్మాడు, ఆ నమ్మకానికి మూల్యం చెల్లించింది ఆయన కాదు. 1878 నవంబరులో తన డైరీలోనే ఆయన, మోసంతో, బెదిరింపుతో, దారుణమైన హింసతో నల్లజాతి పౌరుల ఓటు హక్కును లాగేసుకున్నారని రాసుకున్నాడు. ఏడాదిన్నర కిందట అదే డైరీలో శాంతినీ, నల్లజాతివారి భద్రతనూ ఆశించిన మనిషే ఇలా రాయవలసి వచ్చింది. ఆ రెండు నమోదులనూ వరసగా చదవకుండా ఈ మ్యూజియానికి వెళ్లవద్దని నా గట్టి సలహా.

ఆ డైరీ ముద్రిత ప్రతి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 1876 అక్టోబరు నుంచి 1877 ఏప్రిల్ దాకా ఉన్న భాగం, పైన చెప్పిన 1878 నవంబరు నమోదు చదివితే చాలు. ఎన్నికకు రెండు వారాల ముందే ఆయన, ఫలితం వివాదమైతే తేల్చే చట్టం మనకు లేదనీ, అది ఆయుధాల పోరుకు దారితీయవచ్చనీ ఆందోళన పడ్డాడు. అటువంటి చట్టం కాంగ్రెస్ చేసేసరికి 1887 వచ్చింది. 2022లో దాన్ని మళ్లీ సవరించవలసి వచ్చింది.

అమెరికా చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి, ఎన్నికల చట్టాలు చదివేవారికి, హైస్కూలులో ఈ పాఠం చదువుతున్న పిల్లలున్న కుటుంబాలకు ఈ చోటు చక్కగా సరిపోతుంది. మరీ చిన్న పిల్లలకు ఇంటి టూరు కంటే తోటలో చెట్ల కింద నడవడమే బాగుంటుంది. మొదట మ్యూజియం చూసి, తేదీలు మనసులో కుదురుకున్నాక ఇంటి టూరుకు వెళ్లండి. టూరు వేళలను బయలుదేరేముందే సరిచూసుకోండి. పరిశోధన చేసేవారు గ్రంథాలయానికి విడిగా ఒక రోజు కేటాయించుకోవాలి.