బ్యాంకాక్‌లో తనంతట తానే వచ్చి పలకరించేవాడు: తిరుపతి నుంచి వెళ్లేవాళ్లకు

తిరుపతి బస్టాండులో ‘సామీ, రూము కావాలా, దర్శనం టికెట్టు కావాలా’ అని చుట్టుముట్టేవాళ్లను మనం పది అడుగుల దూరం నుంచే గుర్తుపడతాం. ఊరి నుంచి వచ్చే చుట్టాలకు ‘ఎవురితోనూ మాట్లాడొద్దు, నేరుగా విష్ణు నివాసం కౌంటరుకు పోండి’ అని ఫోన్లో చెప్పేదీ మనమే. అదే మనం బ్యాంకాక్‌లో దిగితే ఆ తెలివి ఎక్కడికి పోతుందో పోతుంది. ఇస్త్రీ చొక్కా, మెడలో ఏదో కార్డు, చక్కటి ఇంగ్లీషు చూడగానే ఆగి వింటాం. అక్కడ కత్తి చూపించి దోచుకునేవాళ్ల భయం తక్కువ. నవ్వుతూ పలకరించి నీలాలు, కెంపులు అమ్మే రాళ్ల అంగడికి తీసుకుపోయేవాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలి. మన వీధుల్లోని కుటుంబాలు ఆ మెట్లు ఎక్కకూడదనే ఇదంతా.

ముందు బయల్దేరకముందు సంగతి. థాయిలాండ్‌కు ఇప్పుడు డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. 2025 మే 1 నుంచి అమల్లో ఉంది. దిగే రోజుకు మూడు రోజుల ముందు నుంచి వాళ్ల ఇమిగ్రేషన్ శాఖ సైటులో నింపొచ్చు, పైసా కట్టక్కర్లేదు. గూగుల్‌లో వెతికితే పైన కనబడే ప్రకటనల సైట్లు ఇదే పనికి డాలర్లలో ఫీజు గుంజుతాయి. డబ్బు అడిగిందంటే అది అసలు సైటు కాదు. మన రూపాయలు దేశం దాటించడానికి మనిషికి 25,000 వరకే అనుమతి, అదీ గుర్తుంచుకోండి.

తిరుపతి నుంచి చెన్నై నూటయాభై కిలోమీటర్లు, అక్కణ్ణుంచి విమానం మూడున్నర గంటలు. ఆ ప్రయాణంలో చెప్పడానికేమీ లేదు.

చాలామంది అర్ధరాత్రి విమానం ఎక్కుతారు కాబట్టి దిగేసరికి తెల్లవారుతుంటుంది. పిల్లలు నిద్రమత్తులో, పెద్దవాళ్లు కాళ్ల నొప్పులతో, అందరూ చిరాకుగా ఉంటారు. మొదటి దెబ్బ సరిగ్గా అప్పుడే పడుతుంది. సువర్ణభూమి విమానాశ్రయం బయటికొచ్చే హాల్లో ‘టాక్సీ, టాక్సీ’ అని దగ్గరికొచ్చేవాడు వెయ్యి బాట్లు చెబుతాడు. బాటు మన డబ్బుల్లో రెండున్నర నుంచి మూడు రూపాయల మధ్య ఉంటుందనుకోండి. వాడికి సమాధానం చెప్పకుండా కింద మొదటి అంతస్తుకు దిగండి. అక్కడ బారుగా యంత్రాలుంటాయి. బటన్ నొక్కితే చీటీ వస్తుంది, దాని మీద ఏ నంబరు వరసలో టాక్సీ ఉందో ఉంటుంది. ఆ చీటీ డ్రైవరు అడిగినా ఇవ్వకండి. బండి వివరాలన్నీ దాని మీదే ఉంటాయి, ఫిర్యాదు చేయాలన్నా, సీట్లో ఫోను మరిచిపోయినా అదే ఆధారం. మీటరు చిన్న బండికి 35, పెద్ద బండికి 40 బాట్ల దగ్గర మొదలవుతుంది. దాని మీద విమానాశ్రయం రుసుము 50, ఎక్స్‌ప్రెస్ రోడ్డు టోలు మనమే కట్టాలి. ఈ రెండూ న్యాయమైనవే, వీటి మీద గొడవపడొద్దు.

సామాను తక్కువైతే టాక్సీ కూడా వద్దు. అదే భవనం అడుగు అంతస్తులో రైలు ఉంది, చివరి స్టేషన్ ఫయాథైకి 45 బాట్లు, అరగంటలోపు ప్రయాణం. ఆ రైలు దగ్గరున్న డబ్బు మార్పిడి కౌంటర్లు ఊళ్లో రేటే ఇస్తాయి. పైన అరైవల్ హాల్లో బ్యాంకుల కౌంటర్లలో మార్చుకున్నవాళ్లు నష్టపోతారు. ఏటీఎం అయితే విదేశీ కార్డుకు ప్రతిసారీ 220 బాట్లు, అంతకంటే ఎక్కువ కూడా కోస్తుంది. అందుకని రోజూ కొంచెం కొంచెం కాకుండా ఒకేసారి తీయాలి. తెర మీద ‘రూపాయల్లోకి మార్చి తీసుకుంటారా’ అని అడుగుతుంది. వద్దనే నొక్కాలి. ఔనంటే రేటు యంత్రం పెట్టుకున్నదే.

బసకు వస్తే, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ప్రతూనామ్ ప్రాంతం మేలు. అదే రైల్లో ఫయాథైకి ముందొచ్చే రాచప్రారోప్ స్టేషన్‌లో దిగితే దగ్గర. నడిచే దూరంలో మన భోజనం దొరుకుతుంది, బట్టల బజారూ అక్కడే. ఊళ్లో వంతెన మీద పోయే స్కైట్రైన్‌కు మాత్రం చిట్‌లోమ్ స్టేషన్ దాకా నడవాలి, వీధుల్లో రద్దీ మన గాంధీరోడ్డును మించి ఉంటుంది. సుఖుమ్‌విత్ రోడ్డులో నానా స్టేషన్ చుట్టుపక్కల రైలు సౌకర్యం బాగున్నా రాత్రి పది దాటాక ఆ వీధుల్లో అమ్మానాన్నలతో నడవడం ఇబ్బందే. ఖావోసాన్ రోడ్డు కుర్రవాళ్లది, తెల్లవారే వరకూ పాటలు ఆగవు. ఎక్కడ దిగినా హోటల్లో చేరేటప్పుడు నగదు డిపాజిట్ అడగొచ్చు, ఇచ్చి రసీదు తీసుకోండి. గది మధ్యాహ్నం గానీ ఇవ్వరు. పెట్టెలు వాళ్ల దగ్గర పెట్టి టోకెన్ తీసుకుని, థాయి లిపిలో చిరునామా ఉన్న హోటల్ కార్డు ఇంట్లో ప్రతి ఒక్కరి జేబులో వేయండి. పెద్దమ్మ తప్పిపోతే ఆమెకు ఇంగ్లీషు రానక్కర్లేదు, ఆ కార్డు చూపిస్తే చాలు.

ఇక రాజభవనం. గ్రాండ్ ప్యాలెస్ పొద్దున 8.30 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా తెరిచి ఉంటుంది, టికెట్ 500 బాట్లు. లోపలికి పోయే ద్వారం నాఫ్రలాన్ రోడ్డు వైపు, పేరు విశేష్‌చైశ్రీ. టికెట్ కౌంటరు ఆ ద్వారం దాటాకే. ఆ గోడ పొడవునా, ద్వారానికి వంద గజాల ముందే, మర్యాదగా ఒక మనిషి ఎదురొస్తాడు. ‘ఏ దేశం? ఇండియానా! అయ్యో, ఈరోజు పూజ ఉంది, ఒంటిగంట దాకా మూసేశారు’ అంటాడు. మ్యాపు తీసి, పెన్నుతో మూడు గుళ్లు చుట్టి, ‘టుక్‌టుక్ ఇరవై బాట్లే, ఈరోజు ప్రభుత్వ పథకం’ అని చెయ్యి ఊపగానే మన ఆటోలాంటి ఆ బండి వచ్చి ఆగుతుంది. ఎండ మాడ్చేస్తుంటుంది, పిల్లాడు నీళ్లంటాడు, అత్తమ్మ ‘ఇరవయ్యే కదా, కూర్చుందాం’ అంటుంది. ఎక్కుతాం. మొదటి గుళ్లో ఇంకో పెద్దమనిషి అనుకోకుండా కలిసినట్టు కలుస్తాడు. ఈరోజే చివరి రోజు, పన్ను లేకుండా నీలాలు, కెంపులు అమ్ముతున్నారు, మీ ఊళ్లో రెండింతలకు పోతాయి అని చెబుతాడు. మ్యాపు ఇచ్చినవాడు, బండివాడు, ఈ పెద్దమనిషి, ముగ్గురూ ఒకే జట్టు. బండివాడికి ఇరవై బాట్లు గిట్టేది అంగడివాడిచ్చే కమీషనుతోనే.

అంగట్లో ఏసీ, చల్లటి పానీయం, సర్టిఫికెట్ అన్నీ ఉంటాయి. రాయి అసలుదే కావచ్చు. ధర మాత్రం దాని విలువకు ఎన్నో రెట్లు. ‘కస్టమ్స్ గొడవ లేకుండా మేమే పోస్టులో పంపిస్తాం’ అని పట్టుబట్టడానికీ కారణముంది. రాయి మీ చేతిలో ఉంటే సాయంత్రానికే సీలోమ్‌లోని రత్నాల సంస్థలో పరీక్ష చేయించి వెనక్కి తెస్తారు. పోస్టులో పడితే మీరు తిరుపతి చేరాక గానీ చూడరు. ప్రభుత్వ రత్నాల దుకాణం అన్న మాటే అబద్ధం. కొనేసినవాళ్లు సిగ్గుపడి దాచుకోకుండా అదే రోజు రాయి, బిల్లు పట్టుకుని టూరిస్ట్ పోలీసుల దగ్గరికి పోవాలి. నంబరు 1155, ఇంగ్లీషులో మాట్లాడొచ్చు. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకుకూ వెంటనే చెప్పాలి.

ఇదంతా అక్కర్లేకుండా చేసే పని ఒకటే. ‘మూసేశారు’ అన్నవాడికి దండం పెట్టి, నడుస్తూనే ద్వారం దాకా వెళ్లి యూనిఫామ్ ఉన్న మనిషిని అడగండి. ఇంకా మంచిది, భూగర్భ రైల్లో సనామ్‌చై స్టేషన్‌లో దిగడం, లేదా స్కైట్రైన్‌లో సఫాన్ తాక్సిన్ వరకూ వచ్చి నారింజ జెండా పడవ ఎక్కి థాచాంగ్ రేవులో దిగడం. టుక్‌టుక్‌తో పనే ఉండదు. చేతులు లేని జాకెట్టు, నిక్కరు, చిరిగిన జీన్స్ లోపలికి రానివ్వరు. ఆ పక్కనే సనామ్‌లువాంగ్ మైదానంలో మొక్కజొన్న గింజల పొట్లం చేతిలో పెట్టి ‘పావురాలకు వేయండి’ అనేవాళ్లుంటారు. చేతులు కట్టుకుని నడవండి, పొట్లం విప్పితే వందలు అడుగుతారు.

రాత్రి బార్లుండే పాట్‌పాంగ్ వీధి వైపు ‘టికెట్ లేదు, డ్రింకు వంద బాట్లే’ అని మేడ మీదికి పిలుస్తారు. దిగేటప్పుడు బిల్లు వేలల్లో ఉంటుంది, తలుపు దగ్గర ఇద్దరు నిలబడి ఉంటారు. అక్కడ వాదించకండి. డబ్బిచ్చి బిల్లు తీసుకుని, కిందికొచ్చి 1155కి చేయండి.

ఊళ్లో టాక్సీ పట్టడానికి ఒక కిటుకు. దేవాలయాలు, మాల్స్ ముందు ఆగి ఉన్న బండ్లు మీటరు వేయవు, మూడొందలు అంటాయి. వంద అడుగులు ముందుకు నడిచి, రోడ్డు మీద పోతున్న బండిని ఆపి ‘మీటర్?’ అనండి. కాదంటే తలుపు వేసేయండి. గ్రాబ్, బోల్ట్ యాప్‌లు బాగానే పనిచేస్తాయి, నంబరు ప్లేటు సరిచూసుకునే ఎక్కాలి. సంచి గోడవైపు భుజానికి తగిలించండి, రోడ్డు అంచున నిలబడి మ్యాపు చూడొద్దు. ఫోను లాక్కునేవాడు బైకు మీదే వస్తాడు. ఈ-సిగరెట్ జేబులో పెట్టుకుపోకండి, అక్కడ నిషేధం, పోలీసు ఆపితే చిక్కే. నోటు మీద రాజుగారి బొమ్మ ఉంటుంది, కింద పడితే కాలితో ఆపొద్దు.

పాస్‌పోర్ట్ అసలుది హోటల్ లాకర్‌లో ఉంచి నకలు తిప్పుకోండి, బైకు అద్దెకిచ్చేవాడికి తాకట్టుగా మాత్రం ఇవ్వొద్దు. పాస్‌పోర్ట్ పోగొట్టుకుంటే ముందు పోలీసు స్టేషన్‌లో రిపోర్టు రాయించాలి, ఆ తర్వాత సుఖుమ్‌విత్ 23వ సోయ్‌లోని (సోయ్ అంటే సందు) మన రాయబార కార్యాలయానికి పోవాలి. ఇంటికి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అక్కడ ఇస్తారు. దానికి ఫొటోలు, పాస్‌పోర్ట్ నకలు కావాలి. ఆ రెండూ తిరుపతిలోనే చేయించి పాస్‌పోర్ట్‌తో కలపకుండా వేరే పెట్టెలో వేసుకోండి.