సాఫ్ట్ స్కిల్స్ కోర్సా, దోస్తులతోని ప్రాక్టీసా, మార్కెట్ల పనా: ఎంబీఏ పిల్లలకు ఏది మేలు?

వరంగల్‌ల ఎంబీఏ అయిపోయి రెండేళ్లయింది, ఇప్పటికీ జూనియర్లు ఫోన్ చేసి ఇదే అడుగుతరు, అన్నా కోర్సుల చేరాల్నా వద్దా అని. నేను మూడూ చేసి చూసిన, అందుకే చెప్తున్న.

ముందు హన్మకొండల ఒక కోర్సుకు నెలన్నర పోయిన. రెజ్యూమె రాసుడు అక్కడ్నే నేర్చుకున్న, అది కాదనను. కానీ బ్యాచ్‌ల నలభై మందిమి, నేను లేచి మాట్లాడింది మొత్తం నాలుగు సార్లు.

తర్వాత హాస్టల్‌ల ఏడుగురం ఆదివారం ఆదివారం కూసున్నం. టోస్ట్‌మాస్టర్స్ అని 1924ల అమెరికాల మొదలైన, నలుగురి ముందట మాట్లాడుడు నేర్పే సంస్థ ఉన్నది కదా, వాళ్ల పద్ధతే పట్టుకున్నం. అప్పటికప్పుడు టాపిక్ ఇచ్చి ఒకటి రెండు నిమిషాలు, తయారై వస్తే 5 నుంచి 7 నిమిషాలు, ఒకరు టైం చూస్తరు, ఇంకొకరు "ఆ.. అంటే.." ఎన్నిసార్లు అన్నమో లెక్కపెడతరు. మొదటిసారి నాది 31 వచ్చింది, మూడు నెలలకు ఆరుకు దిగింది. తెలుగు మీడియం నుంచి వచ్చిన చెల్లె ఒకామె మొదటి నెలంత తెలుగులనే మాట్లాడింది, చెప్పే విషయం వరుసల పడ్డంక ఇంగ్లీష్ దానంతట అదే వచ్చింది. ఒక్కటే ఇబ్బంది, అందరం ఒకే లెవల్ కాబట్టి ఇంగ్లీష్ తప్పులు దిద్దేటోళ్లు లేరు.

కానీ నన్ను నిజంగ మార్చింది ఎనుమాముల మార్కెట్‌ల మా మామ మిర్చి అడ్తి దుకాణం, అంటే రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం. ఎండకాలం సెలవులల్ల పోయిన. ఒక రైతు రేటు తక్కువ పడ్డదని కోపంతోని వచ్చిండు, నేను తేమ గురించి, తాలు (రంగు పోయిన కాయలు) గురించి చెప్పుకుంట పోతుంటే ఆయనకు కోపం ఇంకా ఎక్కువైంది. మామ వచ్చి కూసోమని నీళ్లిచ్చి, ఏ ఊరు, ఎన్ని బస్తాలు తెచ్చినవు, పోయినేడు ఎట్లుండె అని అడిగిండు, ఆయన చెప్పేదంత అయిపోయినంక అప్పుడు రేటు సంగతి తీసిండు. గ్రూప్ డిస్కషన్ల పక్కోడు చెప్పేది పూర్తిగ వినుడు నాకు ఆ రోజు నుంచే అలవాటైంది.

దుకాణం దొరకకపోతే కాలేజీల ఎన్ఎస్ఎస్‌ల (నేషనల్ సర్వీస్ స్కీం, పిల్లలతోని సేవ పనులు చేపిస్తరు) చేరుండ్రి, రెండేళ్లల్ల 240 గంటలు, ఏడు రోజుల క్యాంపు, ఊర్లె ఇల్లిల్లు తిరిగి తెల్వనోళ్లతోని మాట్లాడాల్సొస్తది.

ప్లేస్‌మెంట్లు రెండు నెలలల్ల ఉంటే దోస్తుల ప్రాక్టీసే మేలు, ఏడాది టైం ఉంటే ముందు మార్కెట్, తర్వాత దోస్తులు. కోర్సుకు పైసలు కట్టేటట్టయితే మాత్రం ముందే అడుగుండ్రి: బ్యాచ్‌ల ఎంతమంది, వారానికి నాకు మాట్లాడనీకి ఎన్ని నిమిషాలు దొరుకుతయి అని.