ఇంటి షెడ్డులో కారు లిఫ్టు: రెండు స్తంభాలదా, నాలుగు స్తంభాలదా?

భీమవరం వైపు లిఫ్టు పెట్టించేవాళ్లు ముందు చూడాల్సింది కారును కాదు, నేలను. మన నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది.

రెండు స్తంభాలది: ఒరగకుండా ఆపేది నేలలోకి దించి బిగించే యాంకర్ బోల్టులే. చాలా కంపెనీలు కనీసం 4 అంగుళాల గట్టి కాంక్రీటు అడుగుతాయి. పాత గచ్చు మీద బిగిస్తానంటే ఒప్పుకోకండి. బోల్టుల బిగువు తరచూ చూడాలి. చక్రాలు గాల్లో ఉంటాయి, బ్రేకుల పని హాయి. లిఫ్టు చేతులు సరైన జాకింగ్ పాయింట్ల (కారు అడుగున ఎత్తడానికి ఇచ్చిన గట్టి చోట్లు) కింద పెట్టకపోతే కారు జారుతుంది.

నాలుగు స్తంభాలది: చోటు ఎక్కువ తింటుంది, కానీ కారు చక్రాల మీదే నిలబడుతుంది. చక్రం విప్పాలంటే వేరే జాకీ కావాలి. దీని బలహీనత కారును పైకి లాగే ఇనుప తాళ్లు. మన ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. పాత గుడ్డతో తుడిచి చూడండి. పోగు తెగి గుడ్డకు తగులుకుంటే తాడు మార్చాల్సిందే.

ఏదైనా సరే, స్తంభాల్లో ఉండే లాకులన్నీ టక్కుమని పడ్డాక, బరువు వాటి మీదకు దించాకే కారు కిందికి వెళ్లాలి. హైడ్రాలిక్‌ను (కారును పైకెత్తే నూనె ఒత్తిడిని) నమ్ముకుని దూరకూడదు.

ఒకదానిపై ఒకటి పార్కింగుకైతే నాలుగు స్తంభాలది. వారం వారం రిపేర్లు చేసుకునేవాళ్లకు, కొత్తగా స్లాబు పోయిస్తుంటే, రెండు స్తంభాలది.