మియాజిమా: పోటు వేళ చూసుకుని వెళ్లాల్సిన గుడి

హిరోషిమా వెళ్లే మనవాళ్లు చాలామంది మియాజిమా దీవికి ఒక్క పూటే కేటాయిస్తారు. పొద్దున పడవెక్కి, నీళ్లలో నిలబడ్డ ఎర్ర ద్వారం ముందు ఫొటోలు దిగి, మధ్యాహ్నానికి తిరిగొచ్చేస్తారు. అది చాలదని నా గట్టి అభిప్రాయం. ఇక్కడి ఇత్సుకుషిమా గుడి ఆటుకీ పోటుకీ మధ్య పూర్తిగా మారిపోతుంది. ఆ రెండూ చూడాలంటే దీవి మీద ఆరేడు గంటలన్నా ఉండాలి, వీలైతే ఒక రాత్రి నిద్ర చేయాలి.

వెళ్లడం తేలికే. హిరోషిమా స్టేషన్లో జేఆర్ (జపాన్ రైల్వే) వాళ్ల సాన్యో లైన్ రైలెక్కితే అరగంటలో మియాజిమాగుచి. ట్రామ్ కూడా ఉంది గానీ గంట దాటుతుంది. స్టేషన్ దగ్గర్లోనే రేవు, అక్కణ్ణుంచి పడవ మీద పది నిమిషాలు. రెండు కంపెనీల పడవలు నడుస్తాయి. జేఆర్ వాళ్లది పగటిపూట ద్వారానికి దగ్గరగా తిరిగి వెళ్తుంది కాబట్టి నా ఓటు దానికే. విదేశీ పర్యాటకులు తీసుకునే జేఆర్ రైలు పాస్ అందులో చెల్లుతుంది, కానీ 2023 అక్టోబర్ నుంచి వసూలు చేస్తున్న 100 యెన్ల సందర్శకుల పన్ను విడిగా కట్టాలి.

593లో మొదలైందని చెప్పుకునే ఈ గుడికి ఇప్పటి రూపం 1168లో తాయిరా నో కియోమోరి అనే సమురాయ్ నాయకుడి చలవ. సముద్ర వ్యాపారంతో ఎదిగిన మనిషి, సముద్రయానాన్ని కాపాడే ముగ్గురు మునకతా దేవతలకు ఇంత వైభవం చేయించాడు. దీవి మొత్తం దైవమేనన్న నమ్మకంతో, గుడిని తీరపు నీళ్లలో స్తంభాలెత్తి కట్టారు. నడవాల్లో నేల పలకల మధ్య సన్నటి సందులుంటాయి. తుఫానులో నీళ్లు పైకి తోసుకొస్తే ఆ సందుల్లోంచి బయటపడతాయి, పలకలు లేచిపోవు. మా కోనసీమలో గోదారినీ సముద్రాన్నీ చూస్తూ పెరిగినదాన్ని, ఆ సందుల్లోంచి కింద కదులుతున్న నీళ్లు చూస్తూ చాలాసేపు ఉండిపోయాను.

ద్వారం సంగతి ఇంకా గొప్పది. ఇప్పుడున్నది 1875 నాటిది, కర్పూర చెట్టు మానులతో చేసింది, ఎత్తు 16 మీటర్ల పైమాట. దాని కాళ్లు భూమిలో పాతినవి కావు! బురదలో దించిన కొయ్యల మీద తన బరువుతోనే నిలబడి ఉంది. పై దూలంలో రాళ్లు నింపి ఆ బరువు ఇంకా పెంచారు. నీళ్లు బాగా తీసినప్పుడు దాని కాళ్ల దాకా నడిచి వెళ్లొచ్చు. పోటు 250 సెంటీమీటర్లు దాటితే గుడి తేలుతున్నట్టే ఉంటుంది, 100 లోపుంటే ద్వారం దాకా నేల బయటపడుతుంది. పోటు వేళల పట్టిక ముందే దొరుకుతుంది, టికెట్లు కొనకముందే చూసుకోండి. గుడి రుసుము 300 యెన్లు, పొద్దున ఆరున్నరకే తెరుస్తారు. ఆ వేళకి వెళ్తే జనం పలచగా ఉంటారు.

మా అమ్మకి అన్నిటికన్నా నచ్చింది పక్కనే ఉన్న దైగాన్‌జి అనే బౌద్ధాలయం. ఇత్సుకుషిమా గుడిలోని ముగ్గురు దేవతల్లో ఒకరైన ఇచికిషిమా హిమెనీ బెంజైటెన్‌నీ, అంటే మన సరస్వతినీ, శతాబ్దాలపాటు ఒక్కరిగానే కొలిచారు. 19వ శతాబ్దంలో, మెయిజీ చక్రవర్తి కాలంలో, జపాన్ సొంత మతమైన షింటోనీ బౌద్ధాన్నీ విడదీసినప్పుడు బెంజైటెన్ మూర్తి దైగాన్‌జికి చేరింది. దర్శనం ఏడాదికోసారి, జూన్ 17నే. మూసిన తలుపుల ముందే అమ్మ మా పిల్లల పేర్లు చెప్పి దణ్ణం పెట్టుకుంది, బాసరలో అక్షరాభ్యాసం చేయించిన రోజు పెట్టుకున్నట్టే.

బసకి దీవి మీది సత్రాలు ఖరీదు, మనిషికింతని లెక్క. మియాజిమాగుచిలో, హిరోషిమాలో సగానికే గది దొరుకుతుంది. అయినా డబ్బు దీవి మీద పెట్టడమే నయం. సాయంత్రం పడవలతో జనం వెళ్లిపోయాక ద్వారానికి దీపాలు వెలిగిస్తారు, రాత్రి పదకొండు దాకా తీరం వెంబడి తీరిగ్గా తిరగొచ్చు. చిక్కల్లా తిండితోనే. కొట్లు చాలావరకు ఐదు గంటలకే కట్టేస్తారు. శాకాహారమని ముందే రాసినా మేం దిగిన చోట సూప్‌లో చేప రసం వచ్చింది, చెప్పగానే మార్చారు. జపాన్ వంటల్లో ఆ రసం అడుగడుగునా ఉంటుంది కనుక శాకాహారులు భోజనం లేకుండా గది తీసుకుని, హిరోషిమా నుంచి తినడానికి ఏదైనా తెచ్చుకోవడం మేలు. తినేవాళ్లకి మాత్రం కాల్చిన ఆల్చిప్పలు, అనాగో చేప అన్నం పండగే. జింకలకి ఏమీ పెట్టకండి, అది నిషేధం. చేతిలో కాగితం కనిపించినా లాక్కుంటాయి.

535 మీటర్ల మిసెన్ కొండకి రోప్‌వే ఉంది గానీ అది శిఖరం దాకా పోదు, దిగాక అరగంట ఎక్కుడుదిగుడు నడక. పెద్దవాళ్లని రోప్‌వే పై స్టేషన్ దగ్గరే కూర్చోబెట్టండి, దీవులన్నీ అక్కణ్ణుంచే కనిపిస్తాయి. గాలి ఎక్కువుంటే రోప్‌వే ఆపేస్తారు, కాబట్టి కొండని మొదటి రోజే పెట్టుకుంటే రెండో రోజు చేతిలో ఉంటుంది.