పందులకు సోలార్ కంచె: మూడేళ్లు వాడాక

మాది శ్రీకాకుళం జిల్లా కొత్తూరు వైపు. కొండ అంచున రెండెకరాల మొక్కజొన్న. కండె పాలు పోసుకునే వేళకి పందులు దిగిపోయేవి. పాత చీరలు కట్టాం, రాత్రుళ్లు మంచె మీద డబ్బా కొట్టాం. వారం బెదిరాయి, తర్వాత చీరల కిందనుంచే దూరాయి. "తుపాకీ ఉన్నోడిని పిలుద్దామేటి?" అన్నాడు మా బావ. అనుమతి లేకుండా చంపితే వన్యప్రాణి చట్టం కింద కేసు. చివరికి సోలార్ కంచె వేశాను.

ప్యానెల్, 12 వోల్టుల బ్యాటరీ, సెకనుకోసారి షాక్ కొట్టే డబ్బా. వీటితో పెద్ద ఇబ్బంది లేదు. బ్యాటరీ ఒకసారి మార్చాను, అదీ నీళ్లు పోయడం మర్చిపోయిన నా తప్పే.

తంటా అంతా కింది తీగతోనే. బిగించినవాడు మోకాలెత్తున కట్టాడు. పంది దాని కిందనుంచి దూరేది. వీపుకి తగిలితే ఆ మొద్దు వెంట్రుకల మీద షాక్ సరిగ్గా ఎక్కదు, ఎక్కినా ముందుకే ఉరుకుతుంది, అంటే చేలోకే. తడి ముక్కుకి తగిలితేనే వెనక్కి తిరుగుతుంది. జానెడు ఎత్తుకి దించాక రాక బాగా తగ్గింది. కానీ అంత కిందకి దించితే గరిక అంటుకుంటుంది. వానాకాలంలో పది రోజులు గడ్డి కోయకపోతే టెస్టర్‌లో 7 వేల వోల్టులు 3 వేలకు పడిపోయాయి. కంచె కొన్నామంటే కొడవలి కూడా కొన్నట్టే!

ఎండలు ముదిరితే నేల ఆరిపోయి షాక్ చప్పబడుతుంది. షాక్ డబ్బానుంచి నేలలోకి దింపే ఎర్త్ కడ్డీ ఒక్కటే చాలలేదు. పదేసి అడుగుల దూరంలో మూడు దింపి, వాటి మొదట్లో అప్పుడప్పుడు బిందెడు నీళ్లు పోస్తున్నాను.

ఖర్చు మిగులుతుందని మోటారు లైనునుంచి నేరుగా తీగకి కరెంటు ఇవ్వొద్దు. గట్టు మీద నడిచే మనిషే పోతాడు. మా పక్క భామిని మండలం కాట్రగడలో 2023 మేలో కరెంటు తగిలి నాలుగు ఏనుగులు చనిపోయాయి. అన్నట్టు, ఏనుగులొస్తే నా మూడు తీగలు ఆగవు, వాటి మీద ఆశ పెట్టుకోకండి.

పోయిన ఏడు వాగు వైపు రెండు సాళ్లు పోయాయి. అక్కడ నేల పల్లం, తీగ కింద సందు పడింది. ఈసారి రాళ్లు పేర్చి, ఇంకో తీగ లాగాను. కండెలు ఇంకా పాలు పోసుకోలేదు.