బైబిల్ సంఖ్యల గోడ చార్టు: 666 గడి తప్ప అంతా బాగుంది

గుంటూరులో మా సండే స్కూల్ పిల్లల కోసం ఈ లామినేటెడ్ చార్టు కొన్నాను. 250 రూపాయలు. అక్షరాలు పెద్దవి, వెనక బెంచీకి కూడా కనిపిస్తాయి.

ఏడు గడి చాలా బాగా చేశారు. సృష్టి దగ్గరే ఆపకుండా యెరికో కూడా వేశారు: ఏడుగురు యాజకులు, ఏడు బూరలు, ఏడో రోజున ఏడుసార్లు పట్టణం చుట్టూ తిరగడం. పిల్లలు బల్లల చుట్టూ తిరిగి మరీ నేర్చుకున్నారు. నలభైకి నోవహు కాలపు వాన, సీనాయి మీద మోషే, అరణ్యంలో యేసు ఉపవాసం. పన్నెండు అందరికీ తెలిసిందే.

నాకు అన్నిటికన్నా నచ్చింది పద్దెనిమిది. హీబ్రూలో అక్షరాలకే విలువలుంటాయి. జీవం అనే అర్థమున్న 'హై'లో హేత్‌కు 8, యోద్‌కు 10. అందుకే యూదులు పెళ్లి కానుకలు, దానాలు 18, 36, 54 ఇలా ఇస్తుంటారు. మనం నూటపదహార్లు చదివించినట్టే అనగానే పిల్లలకు ఎక్కేసింది.

ప్రకటన గ్రంథంలో మృగం సంఖ్యగా చెప్పిన 666 గడిలో మాత్రం ఎర్ర రంగు, కొమ్ముల బొమ్మ, అంతే. ఒక చిన్నపిల్ల భయపడిపోయింది. నీరో కైసరు పేరును హీబ్రూ అక్షరాల్లో రాసి కూడితే 666 వస్తుందని, క్రైస్తవులను హింసించిన ఆ చక్రవర్తి గురించే అది రాశారని చాలామంది పండితులు అంటారని ఒక్క లైను వేయాల్సింది. కొన్ని పాత ప్రతుల్లో 616 అని కూడా ఉంది. ఇవన్నీ నేనే కాగితం మీద రాసి పక్కన అంటించాను.

యోహాను సువార్తలోని 153 చేపలు అసలు లేవు. 1 నుంచి 17 దాకా కూడితే 153 అని పాతకాలపు క్రైస్తవ పండితుడు అగస్టీను ఎప్పుడో చూపించాడు. తర్వాతి ముద్రణలో తప్పక చేర్చండి. ఐదుకు నాలుగు స్టార్లు.