పాత బుల్లెట్‌కి ఏది మేలు: కంపెనీ ఎయిర్ బాక్సా, కోన్ ఫిల్టరా?

రాణిగంజ్‌లో స్పేర్ పార్టులు కొనేటప్పుడు చాలామంది తికమకపడేది ఇక్కడే. బండి పాత కాస్ట్ ఐరన్ (పోత ఇనుము) ఇంజన్ ఉన్న 350 సీసీ బుల్లెట్ అనుకుందాం. ఎయిర్ బాక్స్ అంటే గాలి ఫిల్టర్ లోపల ఉండే మూసిన పెట్టె; కోన్ ఫిల్టర్ అంటే ఆ పెట్టె లేకుండా బయటే తగిలించే శంకువు ఆకారపు ఫిల్టర్.

కోన్ ఫిల్టర్, ఫ్రీ ఫ్లో (పొగకు అడ్డు తక్కువుండే) సైలెన్సర్ వేస్తే ఇంజన్‌కి గాలి ధారాళంగా అందుతుంది, పై స్పీడులో కాస్త తేలిగ్గా లాగుతుంది. కానీ గాలికి తగ్గట్టు పెట్రోలు పెరగకపోతే మిశ్రమం పలచబడి ఇంజన్ మాడిపోతుంది. నేను మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రపు ముక్క) మార్చకుండానే వారం తిప్పాను. ప్లగ్గు విప్పితే పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, గుండె ఝల్లుమంది. రెండు సైజులు పెద్ద జెట్ వేసి, నీడిల్ (పెట్రోలు కొలత సర్దే సూది) క్లిప్పు ఒక గాడి కిందికి దించాకే ప్లగ్గు బిస్కెట్ రంగుకొచ్చింది, అంటే మిశ్రమం సరిపోయినట్టు.

కంపెనీ ఎయిర్ బాక్స్‌తో ఈ టెన్షన్ ఉండదు. వాన నీళ్లు ఫిల్టర్‌ని తాకవు, అమీర్‌పేట ట్రాఫిక్‌లో నెమ్మదిగా వెళ్తున్నా బండి కుదుపుల్లేకుండా సాగుతుంది. రోజూ ఆఫీసుకెళ్లే బండికి నా ఓటు దీనికే.

సైలెన్సర్ సంగతి వేరు. శబ్దం పరిమితి దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. పక్కింట్లో పసిపాప నిద్రపోతుంటుంది, అదీ చూసుకోవాలి.

కోన్ ఫిల్టరే కావాలంటే జెట్లు కూడా అదే రోజు కొనండి.